బండమీది గుర్తు నిధికి దారేనా?

కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలోని రెండు ఊళ్ళను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి చెన్నంపల్లి. అక్కడ కొండమీద పాత కోట ఉంది. కోటలో నిధి ఉందన్న మాట చాలాకాలంగా ఉంది. 2017 డిసెంబరులో ప్రభుత్వ అనుమతితోనే అక్కడ తవ్వకం మొదలైంది. అధికారులు వచ్చారు, యంత్రాలు వచ్చాయి, పోలీసు కాపలా వచ్చింది. వారాల తరబడి తవ్వితే జంతువుల ఎముకలు, ఇటుకలు బయటపడ్డాయి. బంగారం జాడ లేదు.

రెండోది జొన్నగిరి దగ్గరి ఎర్రగుడి. గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో, చిన్న కొండమీద కొన్ని పెద్ద బండలున్నాయి. వాటినిండా గీతలు, సున్నాలు, కొక్కేల్లాంటి గుర్తులు. చూసినవారికి అవి ఏ భాషో, అసలు భాషో కాదో తెలిసేది కాదు. 1920ల చివర్లో అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటిని గమనించి లోకానికి చెప్పాడు. అవి అశోకుడి శాసనాలు. పద్నాలుగు పెద్ద శాసనాలు, రెండు చిన్న శాసనాలు. దాదాపు 2,250 ఏళ్ళ కిందటివి.

చెన్నంపల్లిలో తవ్వారు, ఎర్రగుడిలో చదివారు. నా దృష్టిలో అసలు తేడా అక్కడే ఉంది. రాయలసీమలో కొండ ఎక్కినా, చేను దున్నినా ఏదో ఒక గుర్తున్న రాయి ఎదురవుతుంది. అది నిధికి ఆనవాలని ఎవరో ఒకరు అంటారు. ఆ గుర్తులు నిజానికి ఏమిటి, ఎవరు పెట్టారు, నిధి అన్న మాట వాటికి ఎలా అంటుకుంది అన్నది నిదానంగా చూద్దాం.

ముందుగా ఒక మాట. నిధులున్నాయన్న నమ్మకాన్ని ఉత్త వెర్రి అని తోసేయలేం. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, మద్దికెర చేలల్లో జనం తల వంచుకుని వజ్రాలు వెతుకుతారు. కొందరికి దొరుకుతాయి కూడా. పక్కనే వజ్రకరూరు ప్రాంతంలో కింబర్లైట్ (భూమి లోతుల నుంచి వజ్రాలను పైకి మోసుకొచ్చిన అగ్నిశిల) ఉంది. వాన పైమట్టిని కడిగితే రాయి మెరుస్తుంది. కరువు నేలలో ఒక్క పూటలో బతుకు మారిన మనిషి కథ అందరికీ తెలుసు. అలాంటి చోట భూమిలో ధనం ఉందంటే నమ్మనివారెవరు?

డబ్బు పాతిపెట్టడం కూడా నిజమే. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. అప్పుడే దీనికి దత్త మండలాలన్న పేరు వచ్చింది. కలెక్టరుగా థామస్ మన్రో వచ్చేనాటికి ఇక్కడ 80 మంది దాకా పాళెగాళ్ళు ఉన్నారు. దండు వస్తే ఊరు ఖాళీ. బ్యాంకు లేదు, బీరువా లేదు. ఉన్నవారు కుండలో పెట్టి నేలలో పాతేవారు. దాచినవాడు దండులోనో, రోగంతోనో పోతే ఆ కుండ అక్కడే ఉండిపోయేది. అంతకు చాలా ముందునాటి రోమన్ బంగారు నాణేలు నంద్యాలలోనూ, కడప జిల్లా అత్తిరాలలోనూ దొరికాయి. మన పెద్దలు చెప్పే సప్త సంతానాల్లో కొడుకు, చెరువు, గుడి, వనం, అగ్రహారం, కావ్యంతో పాటు నిధి కూడా ఒకటి. రాబోయే తరానికి ధనం దాచడం ఒక పుణ్యకార్యం. లంకెబిందెల కథలు ఊరికే పుట్టలేదు.

అయితే ఒక చిన్న ప్రశ్న వేసుకోవాలి. దాచేవాడికి కావలసింది ఎవరికీ తెలియకపోవడం. గట్టి బండమీద ఒక బొమ్మ చెక్కాలంటే ఉలి, సుత్తి కావాలి. గంటల పని. ఆ చప్పుడు మైలు దూరం వినిపిస్తుంది. రాత్రికి రాత్రి కుండ పాతేవాడు దారిన పోయేవారందరికీ కనబడేలా గుర్తు చెక్కుతాడా? పాతిపెట్టిన నాణేలు సాధారణంగా బయటపడేది మడక తగిలో, పునాది తవ్వుతుంటేనో, చెరువు పూడిక తీస్తుంటేనో. గుర్తు పట్టుకుని వెళ్ళినందుకు కాదు.

మరి రాళ్ళమీద గుర్తులు చెక్కినవారు ఎవరు? అందరికీ కనబడాలని కోరుకున్నవారు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

ఊరి చివర, పొలం గట్టున త్రిశూలమో లింగమో చెక్కిన రాయి ఉందనుకోండి. ఆ పొలం ఒకనాడు శివాలయానికి ఇచ్చిన మాన్యం అయివుండవచ్చు. శంఖు చక్రాలుంటే విష్ణ్వాలయానిది. గొడుగు, కమండలం పట్టుకున్న పొట్టి మనిషి ఉంటే అది వామన ముద్ర. బలి దగ్గర మూడడుగుల నేల దానం పట్టినవాడు వామనుడు కదా. అందుకే దానభూమి హద్దు రాళ్ళమీద ఆయన బొమ్మ చెక్కేవారు. ఇవి మన సర్వే రాళ్ళకు తాతలు. ఇక్కడి నుంచి అక్కడి దాకా ఈ నేల ఫలానా వారిదని చెప్పడమే వాటి పని.

శాసనం పైభాగంలో సూర్యుడు, చంద్రవంక తరచూ కనిపిస్తాయి. పగలు ఒక దిక్కున, రాత్రి ఒక దిక్కున వెతకాలని దానికి అర్థం చెప్పేవారున్నారు. అసలు అర్థం ఆచంద్రార్కం. సూర్యచంద్రులున్నంత కాలం ఈ దానం చెల్లాలని. అడుగున గాడిద బొమ్మ ఉంటే అది శాపం. దానాన్ని చెడగొట్టినవాడికి తగిలే తిట్టు, అక్షరం రానివాడికి కూడా అర్థమయ్యేలా బొమ్మ గీశారు. కత్తి పట్టిన మనిషి బొమ్మ వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి). గాజుల చేయి ఒక్కటే పైకెత్తి ఉంటే అది సతికల్లు. పెనవేసుకున్న పాములు సంతానం కోరి ప్రతిష్ఠించిన నాగశిలలు. నిధికి పాము కాపలా ఉంటుందన్న కథ ఉంది కాబట్టి ఈ నాగశిలలే ఎక్కువగా పెళ్ళగింపుకు గురవుతాయి. గుడి స్తంభం మీది పూర్ణకుంభాన్ని లంకెబిందెగా చూడటమూ అంతే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పొరపాటు దగ్గరికి వద్దాం. విజయనగర కాలపు దాన శాసనాల్లో నిధి, నిక్షేపం అన్న మాటలు అక్షరాలా కనిపిస్తాయి. పాత లిపి కొద్దిగా కూడబలుక్కుని చదవగలిగినవాడు ఆ రెండు మాటలు చూడగానే ఆగిపోతాడు. ఇంకేముంది, రాయే చెబుతోంది కదా అనుకుంటాడు. కానీ ఆ మాటలు ఒంటరిగా రావు. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అన్న ఎనిమిదింటి వరుసలో వస్తాయి. వీటిని అష్టభోగాలంటారు. నేలలో ఎప్పటిదో సొత్తు ఉంటే అది, దాచిపెట్టినది ఉంటే అది, నీళ్ళు, రాళ్ళు, ఇప్పుడున్న రాబడి, రేపు రాబోయేది, ఇప్పటికే సాగయింది, ఇకమీద సాగుచేసుకోగలిగింది, వీటన్నిటిమీదా హక్కు దానం పుచ్చుకున్నవాడిదే అని అర్థం. అక్కడ నిధి ఉందని కాదు. ఉంటే ఎవరిదన్న తగువు రాకుండా రాసిన మాట అది.

నమ్మకం కలగకపోతే మీ ఇంట్లో పాత క్రయ దస్తావేజు తీసి చూడండి. నిధి నిక్షేప జల తరు పాషాణ అంటూ సాగే వాక్యం చాలా దస్తావేజుల్లో నేటికీ ఉంటుంది. ఆరు వందల ఏళ్ళ కిందటి లేఖకుడి మాటను ఇప్పటి దస్తావేజు లేఖరి కూడా రాస్తున్నాడు. అది చదివి మనం ఇంటి నేల తవ్వుకోం కదా.

శాసనం నిజంగా ఏం చెబుతుందో తెలియాలంటే కడప జిల్లా పోరుమామిళ్ళ వెళ్ళాలి. అక్కడ భైరవుడి గుడి ముందు పెద్ద రాతి పలకలమీద సంస్కృతంలో ఒక శాసనం ఉంది. 1369 నాటిది. వేయించినవాడు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు. ఆయన తవ్వించిన చెరువు పేరు అనంతరాజ సాగరం. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని అని ఆ రాయి లెక్క చెబుతుంది. అంతటితో ఆగదు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు చెబుతుంది. వాటిలో కొన్ని ఇవి. నీటి శాస్త్రం తెలిసినవాడు ఉండాలి. నేల గట్టిగా ఉండాలి. తీయని నీటి ఏరు ఉండాలి. రెండు కొండల నడుమ గట్టు పడాలి. గట్టు మరీ పొడవు కాకుండా బలంగా ఉండాలి. రాయి దగ్గరలోనే దొరకాలి. ఆరు దోషాలు కూడా చెబుతుంది. గట్టు కారడం, నేల చవుడు కావడం, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు మధ్య మెరక ఉండటం, నీళ్ళు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్ళు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. ఇప్పటి నీటిపారుదల ఇంజనీరు కూడా ఈ జాబితా కాదనలేడు. ఈ పలకల కింద బిందె ఉందని ఎవడో గడ్డపార వేసి ఉంటే ఈ విద్య మొత్తం పోయేది.

తెలుగు మొదటిసారి పూర్తి శాసనంగా రాతికెక్కింది కూడా ఈ కడప జిల్లాలోనే. ఎర్రగుంట్ల మండలం కలమళ్ళలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనాన్ని 575 ప్రాంతపుదిగా చెబుతారు. మనకు తెలిసిన తొలి తెలుగు శాసనం అదే.

ఎర్రగుడి బండల సంగతికి మళ్ళీ వస్తాను. అవి జనాన్నే కాదు, పండితులనూ తికమక పెట్టాయి. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. చేలో మడక సాలు చివర తిరిగి వచ్చినట్టు రాత కూడా తిరిగి వస్తుంది. ఇంత చిక్కుగా రాసిన మాట ఏదో రహస్యం అనిపించడం సహజం. చదివితే తేలింది వేరు. తల్లిదండ్రుల మాట వినండి, పెద్దలను గౌరవించండి, ప్రాణులమీద దయ చూపండి, నిజం చెప్పండి. ఈ మాట ఊరూరా చాటాలని కూడా అందులోనే ఉంది.

అక్షరాలు, బొమ్మలు లేని గుర్తులు ఇంకా ఎక్కువ. బండమీద వరుసగా నలుచదరపు గుంతలుంటే అది రాయి కొట్టినవారి పని. ఆ గుంతల్లో చీలలు దిగగొట్టి బండను చీలుస్తారు. వడ్డెర పనివారిని అడిగితే చూడగానే చెబుతారు. ఎక్కడో పని ఆగిపోతే గుంతలు మిగిలిపోతాయి. రెండు వరుసల గుండ్రని గుంటలు వామనగుంటలు. ముక్కోణంలో గీతలు పులిజూదం. పశువులు కాసేవారు, గుడి అరుగుమీద పొద్దు పుచ్చేవారు చెక్కుకున్నవి. నున్నగా పొడుగ్గా ఉన్న గాడులు కొత్త రాతియుగంలో రాతిగొడ్డళ్ళు నూరిన చోట్లు కావచ్చు. చెక్కినవే కాదు, గీసిన బొమ్మలూ ఉన్నాయి. ముద్దనూరు మండలం చింతకుంట దగ్గరి కొండ గుండ్ల కింద ఎరుపు, తెలుపు రంగుల్లో మూపురాల ఎద్దుల, మనుషుల బొమ్మలు గీసి ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని ఊరివారు ఎద్దుల ఆవుల గుండు అంటారు. వేల ఏళ్ళనాటి మనుషుల చేతిగీతలు అవి.

బాణం గుర్తు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. బాణం ఎటు చూపిస్తే అటు నిధి అన్నది అందరికీ తోచే ఊహ. బ్రిటిష్ కాలపు సర్వేయర్లు ఎత్తు కొలిచిన చోట, హద్దు పాతిన చోట బాణం గుర్తు చెక్కేవారు. అది సర్కారు ముద్ర. కొండ శిఖరాన బండమీద సున్నా, దాని నడుమ చుక్క ఉంటే అది త్రికోణమితి సర్వే (కొండ నుంచి కొండకు కోణాలు కొలిచి దేశపటం గీసే పద్ధతి) గుర్తు అయ్యే అవకాశం ఎక్కువ. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన ఈ సర్వేలో ముఖ్యమైన రేఖ 78వ రేఖాంశాన్ని అంటిపెట్టుకుని ఉత్తరానికి సాగింది. కర్నూలు పట్టణం దాదాపు ఆ రేఖ మీదే ఉంది. సరిగ్గా చుక్క మీద పరికరం నిలిపి దూరపు కొండను చూసేవారు. కాబట్టి ఆ చుక్క కింద రాయి తప్ప మరేమీ లేదు.

కొన్ని గుర్తులకు మనిషితో పనే లేదు. కడప బండల మీద నల్లని చెట్టుకొమ్మల్లాంటి బొమ్మలు మీరు చూసే ఉంటారు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, బేతంచెర్ల ప్రాంతాల్లో తీసే సున్నపురాయిలో వెంట్రుకవాసి పగుళ్ళుంటాయి. మాంగనీసు కలిసిన నీరు వాటిలోకి ఊరి, ఆరిపోతూ కొమ్మలు కొమ్మలుగా మరక వదులుతుంది. చెట్టూ కాదు, దారిపటమూ కాదు. వేంపల్లె చుట్టుపక్కల రాళ్ళలో ఉల్లిపాయ కోసినట్టు చుట్టలు చుట్టలుగా వలయాలు కనిపిస్తాయి. వాటి పేరు స్ట్రోమటోలైట్లు (లోతులేని సముద్రంలో సూక్ష్మజీవులు పొరమీద పొర పేర్చిన రాయి). వయసు 180 కోట్ల ఏళ్ళకు పైమాటే. చెట్టు, చేమ, చేప ఏదీ పుట్టకముందు ఈ నేలమీద బతికిన ప్రాణుల ఆనవాలు అవి. నిధి గుర్తులనుకుని వాటిని పగలగొడితే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇప్పుడే ఈ సంగతి ఎందుకంటే, గుర్తులు చదివే పని చేతులు మారింది. పూర్వం అంజనం వేసేవాడు ఊరికి వచ్చి తమలపాకులో చూసి చెప్పేవాడు. ఇప్పుడు ఫోన్‌లో నిధి గుర్తుల పట్టికలు తిరుగుతున్నాయి. వాటిలో కొన్ని ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవి. రెండో ప్రపంచయుద్ధంలో జపాను సేనాని యమషిత బంగారం దాచాడన్న కథ చుట్టూ అక్కడ తాబేలు, బాణం, గుండె ఆకారం గుర్తులకు అర్థాలు అల్లారు. ఆ పట్టికను తెచ్చి మన గండికోట రాళ్ళకు అన్వయిస్తే ఏమొస్తుంది? పైగా లోహాన్ని పసిగట్టే యంత్రాలు చౌకగా దొరుకుతున్నాయి. ఆ యంత్రం పాత మేకుకూ, ఇనుము ఎక్కువున్న రాయికీ కూడా కూత పెడుతుంది. ఆ కూత వినగానే తవ్వుతారు.

తవ్వినప్పుడు ఎక్కువగా దెబ్బతినేవి కాపలా లేని పాడుబడ్డ గుళ్ళు. నందిని పగలగొడతారు, లింగాన్ని పెకలిస్తారు. దీనికీ ఒక అసలు కారణం ఉంది. గుడి కట్టేటప్పుడు గర్భన్యాసం అనే ఆచారం ఉంది. గుడి పునాదిలో నవధాన్యాలు, పంచలోహాల తునకలు, చిన్నపాటి రత్నాలు ఉంచుతారు. అది పూజా ద్రవ్యం, గురిగింజలతో తూచేంత. ఆ చిన్న నిజం చెవులు మారి మారి బిందెలయింది.

రాయిని కదిపితే పోయేది రాయి ఒక్కటే కాదు. హద్దు రాయి హద్దులో ఉంటేనే అర్థం. చెరువు శాసనం చెరువు దగ్గర ఉంటేనే అర్థం. రాతి పక్కన ఏ కుండపెంకు ఉంది, ఏ పొరలో ఉంది అన్నదాన్నిబట్టే కాలం తేలుతుంది. గడ్డపారతో తిరగేసిన మట్టిని మళ్ళీ ఏ పండితుడూ చదవలేడు.

ఒకవేళ నిజంగానే సొత్తు దొరికితే? దానికి 1878 నాటి నిధి చట్టం ఉంది. నేలలో దాగిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ రోజు అన్నది రాయాలి. సొత్తును ప్రభుత్వ ఖజానాలో జమచేయాలి, లేదా పూచీ ఇవ్వాలి. హక్కుదారులు రావాలని కలెక్టరు ప్రకటన ఇస్తాడు. సొంతదారు లేడని తేలి, నేల యజమాని వేరే అయి, ఇద్దరి మధ్య ఒప్పందం లేకపోతే దొరికించుకున్నవాడికి మూడు వంతులు, నేల యజమానికి ఒక వంతు. ప్రభుత్వం ఉంచుకోదలిస్తే విలువకు అయిదో వంతు కలిపి చెల్లించే వీలు చట్టంలో ఉంది. దాచిపెడితే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు. ఇది అనుకోకుండా దొరికినదానికి వర్తించే చట్టం. తవ్వుకోమని ఇచ్చిన అనుమతి కాదు. ఎర్రగుడి లాంటి కేంద్ర రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

చదవడం ఎలాగో కూడా తెలుసుకుంటే మంచిది. శాసనశాస్త్రం (రాతిమీది, రాగిరేకు మీది పాత రాతలు చదివే విద్య) తెలిసినవారు రాయిని నీటితో మెల్లగా శుభ్రం చేస్తారు. తడి కాగితం పరిచి బ్రష్‌తో అద్దుతారు. కాగితం అక్షరాల లోతుల్లోకి దిగుతుంది. పైన సిరా అద్దితే అక్షరం తెల్లగా, మిగతాది నల్లగా వస్తుంది. రాయికి గీత పడదు. ఆ కాగితాన్ని బల్లమీద పరిచి తీరిగ్గా చదువుతారు. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ శాసన విభాగం మైసూరులో ఈ పనే చేస్తోంది.

మీ పొలంలో, మీ ఊరి కొండమీద గుర్తున్న రాయి కనిపిస్తే దయచేసి సుద్దముక్కతో దిద్దకండి. సున్నం, పసుపు, రంగు పూయకండి. రంగుబొమ్మలమీద నీళ్ళు చల్లకండి, అవి వెలిసిపోతాయి. ఉదయమో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫోటో తీయండి. అప్పుడు గీతల నీడలు తేటగా కనిపిస్తాయి. దగ్గరగా ఒకటి, చుట్టుపక్కల చెట్టూ గట్టూ కనబడేలా దూరంగా ఒకటి తీయండి. ఊరు, సర్వే నంబరు రాసి తహసీల్దారుకో, పురావస్తు శాఖకో, దగ్గరి కళాశాల చరిత్ర అధ్యాపకుడికో పంపండి. ఫోటోలో రాతి పక్కన ఒక అగ్గిపెట్టె పెట్టడం మరవకండి. చదివేవారికి కొలత తెలియడానికి అది చాలు.